ఈగ చెప్పిన సాక్ష్యం: సర్రీ విద్యా బోర్డుకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సర్రీ విద్యా బోర్డు ట్రస్టీలకు,

కెనడాలోని సర్రీ. డిసెంబరు నెల. ఉదయం ఏడు గంటలు. న్యూటన్‌లోనో ఫ్లీట్‌వుడ్‌లోనో ఒక బేస్‌మెంట్ సూట్. తలెత్తి చూస్తే తప్ప కనిపించని చిన్న కిటికీలో ఇంకా కటిక చీకటి. కుక్కర్ రెండో విజిల్ వేసింది. లంచ్ బాక్సులో పులిహోర సర్దుతూ తల్లి మూడోసారి పిలిచింది: "లేవరా, బస్సు వెళ్లిపోతుంది!" పదహారేళ్ల కొడుకు దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. రాత్రి పన్నెండున్నర దాకా వాడికి కునుకు పట్టలేదు. నైట్ షిఫ్టు దిగి అప్పుడే ఇంటికొచ్చిన తండ్రి బూట్లు విప్పుతూ, విజయవాడలో చిన్నప్పుడు తను పడ్డ మాటే కొడుకును అన్నాడు: "బారెడు పొద్దెక్కేదాకా పడుకుంటే ఎట్లా బాగుపడతావురా?" బయట పొద్దు బెత్తెడు కూడా ఎక్కలేదు. సూర్యుడు రావడానికి ఇంకా గంట పైనే ఉంది.

ఇది ఏ ఒక్కరి ఇల్లో కాదు. సర్రీలో బడికెళ్లే పిల్లలున్న వలస కుటుంబాల్లో ఎవరిని కదిలించినా కాస్త అటూ ఇటూగా ఈ ఉదయాన్నే చెబుతారు. ఈ లేఖ ఆ కుర్రాడి తరఫున. వాడు బద్ధకస్తుడు కాడు, వాడి ఒంట్లోని గడియారం వేరే వేళ చూపిస్తోంది అని చెప్పడానికి. ఆ మాటకు సాక్ష్యం ఇళ్లలో తల్లిదండ్రుల గారాబం కాదు. మాగిన అరటిపళ్ల మీద ముసిరే చిన్న ఈగలూ, వాటితోనే తన జీవితంలో పాతికేళ్లకు పైగా గడిపిన ఒక శాస్త్రవేత్తా.

ముందు తెలుగువాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. తెల్లవారుజామున చదివింది మనసులో నిలుస్తుందని నమ్మి పెరిగిన జాతి ఇది. ఆంధ్ర, తెలంగాణల్లోని రెసిడెన్షియల్ కాలేజీల్లో ఐదింటికే మొహం కడుక్కుని స్టడీ అవర్‌లో కూర్చుని ఇంటర్ పూర్తిచేసినవాళ్లు ఎందరో ఇప్పుడు సర్రీలో తల్లులూ తండ్రులూ. వాళ్ల నమ్మకంలో ప్రేమ ఉంది, కష్టం ఉంది. కానీ విజయవాడ భూమధ్యరేఖకు పదహారున్నర డిగ్రీల ఉత్తరాన ఉంది, సర్రీ నలభై తొమ్మిది డిగ్రీల ఉత్తరాన. అక్కడ ఏడాదిలో అతి చిన్న పగలు కూడా పదకొండు గంటలకు తగ్గదు. ఇక్కడ డిసెంబరులో పగలు ఎనిమిది గంటల చిల్లర, జూన్‌లో పదహారు గంటల పైమాట. అక్కడ సూర్యుడు ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే వేళకు తలుపు తడతాడు. ఇక్కడ నడి చలికాలంలో స్టాండర్డ్ టైమ్ ప్రకారమే ఎనిమిది దాటాకగానీ రాడు. తెల్లవారుజామున చదవమని తాత చెప్పిన మాట కృష్ణా తీరంలో ఒక లెక్క, ఫ్రేజర్ నది ఒడ్డున ఇంకో లెక్క.

ఒంట్లో గడియారం ఉంటుందన్న మాట మన పల్లెలకు కొత్తది కాదు. సాయంత్రానికి చింతాకు ముడుచుకుంటుంది. నిద్రగన్నేరు చెట్టుకు ఆ పేరే అందుకు వచ్చింది. 1729లో ఫ్రాన్స్‌లో ద మైరాన్ అనే ఖగోళ శాస్త్రవేత్త అత్తిపత్తి మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. ఎండ తగలకపోయినా దాని ఆకులు పగటివేళకు విచ్చుకున్నాయి, రాత్రివేళకు ముడుచుకున్నాయి. సూర్యుడు చెప్పకపోయినా మొక్కకు వేళ తెలుసు. ఎలా తెలుసన్నది మాత్రం రెండు వందల నలభై ఏళ్లపాటు ఎవరికీ అంతుచిక్కలేదు.

అంతుచిక్కించినవాడు రొనాల్డ్ కొనొప్కా. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో సీమూర్ బెంజర్ దగ్గర పనిచేసిన విద్యార్థి. 1971లో వాళ్లిద్దరూ మూడు రకాల మార్పు చెందిన పళ్ల ఈగలను లోకానికి చూపించారు. ఒక రకానికి రోజంటే పంతొమ్మిది గంటలే. ఇంకో రకానికి ఇరవై ఎనిమిది. మూడో రకానికి పగలూ రాత్రీ అన్న తేడాయే లేదు. మూడింటిలోనూ చెడింది ఒకే జన్యువు. దానికి 'పీరియడ్' అని పేరు పెట్టారు. బడిలో టైమ్ టేబుల్ వేసేవాళ్లకు రోజూ నోట్లో నానే మాటే ఈగ లోపలి గడియారానికీ పేరు కావడం ఈ లేఖ రాయడానికి కూర్చున్నప్పుడు పదేపదే గుర్తొచ్చింది. కొనొప్కాకు కాల్‌టెక్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 2015లో కన్నుమూశాడు. ఆ జన్యువును విడదీసి పనితీరు తేల్చిన జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది. ఆ గౌరవంలో కొనొప్కాకు వాటా దక్కకపోవడం శాస్త్ర చరిత్రలో మానని గాయం.

ఆ రాస్‌బాష్ ప్రయోగశాలలోకే మిషిగన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివిన ఒక యువకుడు వచ్చి చేరాడు. పేరు రవి అల్లాడ. రాజమహేంద్రవరం రెడ్డి రాజ్యం కథలో అల్లాడ రెడ్డిని చదివినవాళ్లకు ఆ పేరు చెవికి కొత్తగా ఉండదు. తెల్లకోటు వేసుకుని రోగుల దగ్గరికి వెళ్లాల్సిన డాక్టరు బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో ఈగల సీసాల ముందు కూర్చున్నాడు. అతని జీవితాన్ని మలుపు తిప్పింది ఆ నిర్ణయమే.

ఈగ నిద్రను ఎలా కొలుస్తారో ఒకసారి దగ్గరగా చూడాలి. వేలి పొడవు సన్నని గాజు గొట్టం. ఒక చివర చక్కెర కలిపిన మేత ముద్ద, రెండో చివర దూది. లోపల ఒకే ఒక్క ఈగ. గొట్టం నడుమ కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణం అడ్డంగా వెళ్తుంది. ఈగ అటూ ఇటూ నడిచినప్పుడల్లా కిరణం తెగుతుంది, కంప్యూటర్ ఒక అంకె వేసుకుంటుంది. ఐదు నిమిషాలపాటు ఒక్కసారి కూడా తెగలేదంటే ఈగ నిద్రపోతున్నట్టు లెక్క. ఇలాంటి గొట్టాలు వరసలు వరసలుగా పేర్చి, రోజుల తరబడి చీకట్లో ఉంచి, వేల ఈగల్లో ఏ ఒక్కదాని వేళ తప్పిందో వెతకాలి. ఓపిక లేనివాళ్ల పని కాదది.

అలా వెతికితే దొరికిన ఒక ఈగకు పగలూ రాత్రీ తెలియదు. 'పీరియడ్', దాని జోడు 'టైమ్‌లెస్' జన్యువులు రెండూ అందులో దాదాపు మూగబోయి ఉన్నాయి. వాటిని మేల్కొలిపేది వేరే ఏదో చెడిందన్నమాట. ఆ చెడినదేమిటో 1998 మే నెల 'సెల్' పత్రికలో అల్లాడ, ఆయన సహచరులు ప్రకటించారు. అది 'క్లాక్' జన్యువు. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ తకహాషి బృందం ఎలుకలో పట్టుకున్న 'క్లాక్' జన్యువుకు ఈగలోని తోబుట్టువు. ఈగకూ ఎలుకకూ మధ్య కోట్ల ఏళ్ల దూరం ఉంది. అయినా రెండింటి ఒంట్లోనూ ఒకే గడియారం, ఒకే మరలు. ఆ మరలే మనిషిలోనూ ఉన్నాయి. ఈగ మాట పదహారేళ్ల కుర్రాడి విషయంలో సాక్ష్యంగా చెల్లేది అందుకే.

ఆ గడియారం తిరిగే తీరు మిద్దె మీద నీళ్ల ట్యాంకు ఉన్న ఏ ఇంటివాళ్లకైనా అర్థమవుతుంది. 'క్లాక్' మోటారు వేస్తుంది, పీరియడ్ ప్రొటీన్ అనే నీరు నిండుతుంది. ట్యాంకు నిండగానే తేలుడు బంతి పైకి లేచి మోటారును ఆపేస్తుంది. అంటే పీరియడ్ ప్రొటీనే తిరిగి కణకేంద్రంలోకి వెళ్లి క్లాక్ నోరు నొక్కేస్తుంది. తర్వాత మెల్లగా నీరు ఖర్చవుతుంది, బంతి దిగుతుంది, మళ్లీ మోటారు. ఈ చుట్టు ఒక్కసారి తిరగడానికి సుమారు ఇరవై నాలుగు గంటలు. నీరు నిండే వేగంలో రవ్వంత తేడా వచ్చినా రోజు పొడవే మారిపోతుంది. వెలుగు రోజూ వచ్చి ఆ ముల్లును సరిచేసి పోతుంది. కిటికీ సరిగా లేని బేస్‌మెంట్‌లో, సూర్యుడు ఎనిమిదికి వచ్చే ఊళ్లో ఆ సరిచేయడం ఎంత ఆలస్యమవుతుందో మీరే ఊహించండి.

2000 ప్రాంతంలో అల్లాడ నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి వెళ్లి సొంత ప్రయోగశాల పెట్టుకున్నారు. అక్కడ చేసిన పనంతా చెబుతూ పోతే ఈ లేఖ చాలదు. బడి నడిపేవాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైనది 2006లో 'నేచర్' పత్రికలో వచ్చింది. ఈగ మెదడులో పుట్టగొడుగుల ఆకారంలో రెండు భాగాలుంటాయి. ఈగ వాసనలు నేర్చుకునేది, గుర్తుపెట్టుకునేది ఆ భాగాలతోనే. నిద్రను శాసించేదీ అవేనని అల్లాడ బృందం తేల్చింది. అమితా సెహగల్ బృందం కూడా విడిగా అదే ఫలితానికి వచ్చింది. నేర్చుకునే గది, నిద్రపోయే గది ఒకటేనన్నమాట. నిద్ర కోసి చదువు పెంచుదామనుకునే ప్రతి టైమ్ టేబులూ ఆ గది పునాదినే తవ్వుతోంది.

తర్వాత 2015లో ఆ ప్రయోగశాల నుంచే మెదడు కణాలు వేళను ఎలా పాటిస్తాయో చెప్పే నమూనా ఒకటి వచ్చింది. సైకిల్ రెండు పెడళ్లలాగా ఉదయం సోడియం ప్రవాహం కణాన్ని లేపుతుంది, రాత్రి పొటాషియం ప్రవాహం దాన్ని పడుకోబెడుతుంది. ఈగలోనూ ఎలుకలోనూ అదే పద్ధతి. లేచే పెడలు ఇంకా కిందికి దిగకముందే అలారం మోగితే ఏమవుతుందో సైకిల్ తొక్కినవాళ్లకు తెలుసు.

అల్లాడ ఈగల దగ్గరే ఆగిపోలేదు. 2017లో అలెక్స్ సాంగ్, థామస్ సెవెరినీలతో కలిసి అమెరికా బేస్‌బాల్ లెక్కలు తీశారు. 1992 నుంచి 2011 దాకా ఇరవై సీజన్లు, 46,535 ఆటలు. కనీసం రెండు టైమ్ జోన్ల తేడా ఒంట్లో ఇంకా సర్దుకోని జట్లు ఎలా ఆడాయని చూశారు. తూర్పుకు ప్రయాణం చేసినవాళ్లకే ఎక్కువ దెబ్బ తగిలింది. పరుగులో చురుకు తగ్గింది, పిచ్చర్లు ఎక్కువ హోమ్ రన్లు ఇచ్చుకున్నారు. పడమటికి వెళ్లినప్పుడు రోజు పొడవవుతుంది, ఒళ్లు దాన్ని ఓర్చుకుంటుంది. తూర్పుకు వెళ్లడమంటే ఒంటి గడియారం కన్నా ముందే లేవడం. అదే కష్టం.

ఇక్కడే సర్రీ కుర్రాడి దగ్గరికి తిరిగి రావాలి. శని, ఆదివారాల్లో వాడు తొమ్మిదింటికి లేస్తాడు, అది వాడి ఒంటి వేళ. సోమవారం ఏడింటికి లేపుతాం. అంటే వాడు ప్రతి సోమవారం పొద్దున రెండు టైమ్ జోన్లు తూర్పుకు ఎగిరి వచ్చి మొదటి పీరియడ్‌లో లెక్కల పరీక్ష రాస్తున్నట్టే. వారమంతా సర్దుకోవడానికి పెనుగులాడి, శుక్రవారం రాత్రి మళ్లీ పడమటికి. జర్మనీ శాస్త్రవేత్త టిల్ రోనెబెర్గ్ దీనికి 'సోషల్ జెట్ లాగ్' అని పేరు పెట్టారు. కోట్ల డాలర్ల ఆటగాళ్లకు ఆ తేడా ఆటలో కనిపించింది. మన పిల్లలకు మార్కుల్లో కనిపిస్తే బద్ధకం అంటున్నాం.

యౌవనంలో ఈ గడియారం వెనక్కి జరుగుతుంది. అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ కార్స్‌కాడన్ దశాబ్దాలుగా దీన్నే చూపిస్తూ వచ్చారు. నిద్ర రప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరడం మొదలవుతుంది, ఉదయం ఆలస్యంగా దిగుతుంది. ఇరవై ఏళ్ల ప్రాంతానికి అది పతాకస్థాయికి చేరి తర్వాత మళ్లీ ముందుకు వస్తుంది. కొందరి గడియారం పుట్టుకతోనే ముందుకో వెనక్కో బాగా జరిగి ఉంటుంది. యూటా రాష్ట్రంలో ఒక కుటుంబం సాయంత్రం ఏడున్నరకే నిద్రకు పడి తెల్లారకముందే లేచేది. వాళ్లలో పీరియడ్ జన్యువుకు మానవ రూపాల్లో ఒకటైన 'పెర్ 2'లో ఒకే ఒక్క అక్షరం మారిందని 2001లో లూయీ ప్టాచెక్, యింగ్-హుయి ఫు బృందం కనిపెట్టింది. అర్ధరాత్రి దాటాకగానీ నిద్రపట్టని మనుషుల్లో 'క్రై 1' అనే జన్యువులో మార్పును 2017లో మైకేల్ యంగ్ ప్రయోగశాల పట్టుకుంది. 2019లో దాదాపు ఏడు లక్షల మంది జన్యువులను వడపోస్తే, పొద్దున్నే లేచే గుణంతో ముడిపడిన చోట్లు 351 తేలాయి. తరగతి గదిలో ముప్పై మంది ఉంటే ముప్పై గడియారాలు ఉంటాయి. అందరికీ ఒకే గంట కొట్టక తప్పదు, అది నిజమే. ఆ గంట ఎక్కువమందికి న్యాయం చేసే చోట ఉండాలి.

ఇంట్లో తప్పుల సంగతి దాచడం లేదు. ఫోన్ తెర వెలుగు నిద్రను ఇంకా వెనక్కి నెడుతుంది. ఇక్కడ రాత్రి పొద్దుపోతేగానీ విజయవాడలో అమ్మమ్మ తీరిగ్గా ఫోన్‌కు దొరకదు, ఆ మాటలు పదకొండు దాటుతాయి. తండ్రి నైట్ షిఫ్టు వల్ల ఇంటి దీపాలు వేళ తప్పి వెలుగుతాయి. రాత్రి షిఫ్టు పనిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లో 'బహుశా క్యాన్సర్ కారకం' జాబితాలో చేర్చింది, 2019లో మళ్లీ ఖాయం చేసింది. ఆ ఇళ్లలో గడియారాలు ఇప్పటికే నలిగిపోయి ఉన్నాయి. బడి గంట వాటి మీద ఇంకో బరువు కాకూడదు.

కెనడా మార్గదర్శకాలు పద్నాలుగు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలంటున్నాయి. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014లోనే హైస్కూలు 8:30కి ముందు మొదలు కాకూడదని చెప్పింది. కాలిఫోర్నియా దాన్ని చట్టం చేసి 2022 జూలై నుంచి అమలు చేస్తోంది. అంత దూరం కూడా పోనక్కర్లేదు. సర్రీకి సుమారు రెండు వందల కిలోమీటర్ల దక్షిణాన, ఇదే సముద్ర తీరంలో, ఇదే వానల కింద సియాటిల్ ఉంది. 2016లో అక్కడ హైస్కూలు గంటను 7:50 నుంచి 8:45కి జరిపారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హొరాసియో డి లా ఇగ్లేసియా బృందం పిల్లల చేతులకు కదలికలు కొలిచే పట్టీలు కట్టి మార్పుకు ముందూ తర్వాతా చూసింది. పిల్లలు రాత్రి ఇంకా పొద్దుపోయేదాకా మేలుకుంటారని భయపడ్డారు గదా, అలా జరగలేదు. రోజుకు 34 నిమిషాల నిద్ర పెరిగింది. అది నిక్కచ్చిగా వాళ్ల ఒంటికి చేరిన నిద్ర.

2019లో మన బ్రిటిష్ కొలంబియా ప్రావిన్సు ఏడాదికి రెండుసార్లు గడియారం మార్చడం గురించి ప్రజలను అడిగింది. రెండు లక్షల ఇరవై మూడు వేలకు పైగా జవాబులొచ్చాయి, 93 శాతం ఏడాదంతా వేసవి సమయమే కావాలన్నారు. సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలోని నిద్ర శాస్త్రవేత్తలు మాత్రం అది పొరపాటని, స్టాండర్డ్ టైమే ఒంటికి మేలని అప్పుడే హెచ్చరించారు. ఏడాదంతా వేసవి సమయమంటే డిసెంబరులో సర్రీలో సూర్యోదయం తొమ్మిది దాటాకే. గడియారం ముల్లు విక్టోరియాలోని ప్రావిన్సు ప్రభుత్వం చేతిలో ఉంది. బడి గంట మాత్రం మీ చేతిలో ఉంది.

మీ కష్టాలు తెలియనివి కావు. 80 వేలకు పైగా పిల్లలున్న, బ్రిటిష్ కొలంబియాలోనే అతి పెద్ద స్కూల్ డిస్ట్రిక్ట్ ఇది. గదులు చాలక మైదానాల్లో పోర్టబుల్ గదులు నిలబెట్టారు. అవీ చాలక కొన్ని సెకండరీ స్కూళ్లలో రోజునే పొడిగించారు. బస్సుల వేళలు, సాయంత్రపు ఆటలు, చిన్న తమ్ముణ్ణి ఎవరు తీసుకురావాలన్న చిక్కు, అన్నీ నిజమే. అయితే రోజును పొడిగించక తప్పనప్పుడు ఏ వైపుకు పొడిగించాలన్నది మీ నిర్ణయమే. సాయంత్రం వైపుకు పొడిగించండి. పదకొండు, పన్నెండో గ్రేడు పిల్లలకు ఆలస్యపు పీరియడ్లు ఇవ్వండి. ఏ సెకండరీ స్కూల్లోనూ, ఏ గ్రేడులోనూ 8:30కి ముందు తప్పనిసరి తరగతి పెట్టబోమని ఒక తీర్మానం చేయండి. పెద్ద టెస్టులను సోమవారం మొదటి పీరియడ్ నుంచి తప్పించండి, దానికి పైసా ఖర్చు లేదు.

అడగడానికి ఇంకొకటి ఉంది. అల్లాడ భాగం పంచుకున్న మరో పరిశోధనలో, 2018లో, రెండుసార్లు తీసిన రక్తంలోని సుమారు నలభై జన్యువుల చురుకును బట్టి మనిషి ఒంట్లో గడియారం ఎంత చూపిస్తోందో గంటన్నర తేడాలో చెప్పే పద్ధతి బయటపడింది. దానికి నాయకత్వం వహించింది రోజ్మేరీ బ్రాన్. ఇంతగా కొలవగలిగిన దాన్ని ఊహ అని తోసిపుచ్చడానికి ఇక వీల్లేదు. అల్లాడ ఇప్పుడు తను చదువుకున్న మిషిగన్ విశ్వవిద్యాలయానికే తిరిగి వెళ్లి అక్కడి నాడీశాస్త్ర సంస్థను నడిపిస్తున్నారు. అంత దూరం మీరు వెళ్లనక్కర్లేదు. సర్రీ సెంట్రల్ స్టేషన్ పక్కనే సైమన్ ఫ్రేజర్ క్యాంపస్ ఉంది. ఆ విశ్వవిద్యాలయపు నిద్ర శాస్త్రవేత్తలను వచ్చే టైమ్ టేబుల్ ఖరారు చేయకముందే బోర్డు సమావేశానికి పిలిచి, తల్లిదండ్రులూ పిల్లలూ వినేలా మాట్లాడించండి. ఆ సమావేశం ఉదయం కాక సాయంత్రం పెట్టండి, నైట్ షిఫ్టుకు వెళ్లే ముందు తండ్రులు కూడా రాగలుగుతారు.

ఇట్లు,
సర్రీలో బడి పిల్లలున్న ఒక తెలుగు ఇంటి నుంచి